కాలేజీ లైన్‌మన్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పనికొస్తాడా? తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తా, ఈ లైన్‌మన్ కరెంటు స్తంభం ఎక్కేవాడు కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడ కట్టే ఐదుగురిలో ఒకడు. ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే ఆ ఆటకి అమెరికాలో ఉన్న ప్రొఫెషనల్ లీగ్. దాని జట్లు ఏటా డ్రాఫ్ట్‌లో కాలేజీ ఆటగాళ్ళను రౌండ్ల వారీగా, ఒకరి తర్వాత ఒకర్ని ఎంచుకుంటాయి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం మేము. సెప్టెంబర్ వచ్చిందంటే శనివారాలు మా హాల్లో కాలేజీ మ్యాచ్‌లే. కొత్తగా వచ్చిన స్నేహితులు, ఆట ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న నాన్నలు, పిల్లలకంటే ఎక్కువ టెన్షన్ పడే అమ్మలు ఏటా అడిగేవి అవే ప్రశ్నలు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి, ఇలా రాసి పెట్టాను. నేను జట్ల కోసం ఆటగాళ్ళను వెతికే స్కౌట్‌ని కాను, పదిహేనేళ్ళుగా రిమోట్ వదలని ప్రేక్షకుణ్ణి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, ముందువి చదవక్కర్లేదు.

## మొదట్లో వచ్చే సందేహాలు

బంతి ముట్టుకోడు, పరిగెత్తడు. అసలు ఇతని పనేంటి?

రెండు పనులు. బంతి విసిరే ఆటలో, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాళ్ళను రెండున్నర, మూడు సెకన్లు ఆపాలి. బంతి పట్టుకుని పరిగెత్తే ఆటలో, ఎదుటివాణ్ణి పక్కకు జరిపి దారి చెయ్యాలి. వీళ్ళు వేసుకునేవి 50 నుంచి 79 వరకు నంబర్లున్న చొక్కాలు, చాలామంది 300 పౌండ్ల పైమాటే, అంటే 136 కిలోలు. ఎదుటివాడి చొక్కా పట్టి లాగితే జట్టుకు 10 గజాల శిక్ష. పని బాగా చేస్తే పేరు వినపడదు. టీవీలో కామెంటేటర్ లైన్‌మన్ పేరు చెప్పాడంటే చాలాసార్లు ఏదో తేడా జరిగిందనే.

టాకిల్, గార్డ్, సెంటర్... వీళ్ళలో ఎవరికి గిరాకీ ఎక్కువ?

టాకిల్స్‌కి. వరసలో రెండు చివర్లలో ఉంటారు, ప్రత్యర్థుల్లో అందరికంటే వేగమైనవాళ్ళతో తలపడేది వీళ్ళే. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసిరేటప్పుడు ఎడమవైపుకి వీపు తిరిగి ఉంటుంది కాబట్టి లెఫ్ట్ టాకిల్‌ని ఎప్పట్నుంచో నెత్తిన పెట్టుకుంటారు. ఇప్పుడు వేగంగా దూకేవాళ్ళను రెండు వైపులా నిలబెడుతున్నారు, అందుకే లేన్ జాన్సన్, పెనే సీవెల్ లాంటి రైట్ టాకిల్స్ కూడా తక్కువేం సంపాదించడం లేదు. టాకిల్స్‌కి లోపలి పక్కన నిలబడే గార్డ్‌లు డ్రాఫ్ట్‌లో అంత పైన అమ్ముడుపోవడం అరుదు. 2018లో నోటర్‌డామ్ కాలేజీ గార్డ్ క్వెంటన్ నెల్సన్‌ని కోల్ట్స్ 6వ ఎంపికగా తీసుకోవడం అలాంటి అరుదైన సంగతే. నట్టనడుమ నిలబడే సెంటర్‌కి బలంతో పాటు బుర్ర కావాలి, ఎవరు ఎవర్ని ఆపాలో అరిచి చెప్పేది సాధారణంగా అతనే.

పరుగులు లేవు, పాయింట్లు లేవు. మరి మంచివాడో కాదో ఎలా లెక్కేస్తారు?

శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) ఎన్ని ఇచ్చాడు, క్వార్టర్‌బ్యాక్ మీద ఒత్తిడి ఎన్నిసార్లు రానిచ్చాడు, ఎన్ని పెనాల్టీలు చేశాడు, ఈ మూడూ చూస్తారు. ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ సంస్థ ప్రతి ఆటకీ (అంటే బంతి కదిలిన ప్రతిసారికీ) మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు మార్కులు వేస్తుంది. పనికొచ్చే లెక్కే కానీ, శాక్ ఎవరి ఖాతాలో వెయ్యాలన్నది ఎప్పుడూ తగువే. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఐదు సెకన్లు పట్టుకు కూర్చుంటే ఏ టాకిల్ మాత్రం ఏం చేస్తాడు? అంకెల్ని నేను ఎవర్ని చూడాలో తెలుసుకోవడానికి వాడతాను. ఎలాంటివాడో మాత్రం వీడియోలోనే చూడాలి.

## కాలేజీ మ్యాచ్‌లు చూసేటప్పుడు

నా కళ్ళు బంతి వెనకే పోతున్నాయి. లైన్‌మన్‌లో ఏం చూడాలి?

పాదాలు. ఒంగోలు వైపు మా తాతయ్య ఎద్దుల్ని కొనేటప్పుడు మూపురం, కొమ్ములు చివర్లో చూసేవాడు. ముందు నాలుగడుగులు నడిపించి కాళ్ళు చూసేవాడు. ఇక్కడా అంతే.

మూడో డౌన్ (10 గజాలు ముందుకెళ్ళడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా 8 గజాలు కావాలి అనుకోండి. బంతి విసురుతారని అందరికీ తెలుసు. బంతి కదలగానే లెఫ్ట్ టాకిల్ ఎడమ కాలు వెనక్కి జారాలి, కుడి కాలు దాని వెంట రావాలి. దీన్ని కిక్ స్లయిడ్ అంటారు. రెండు మడమలూ ఒకదానికొకటి తగలకూడదు, కాళ్ళు పెనవేసుకోకూడదు. నడుము దగ్గర వంగకుండా మోకాళ్ళ దగ్గర వంగాలి. రెండో అడుగుకో మూడో అడుగుకో ఎదుటివాడు దగ్గరికొస్తాడు. అప్పుడు చేతులు అతని ఛాతీ మధ్యలో పడాలి. భుజాల బయట పడ్డాయంటే రిఫరీ జెండా జేబులోంచి బయటికొచ్చే అవకాశం ఎక్కువ.

ఇక్కడిదాకా బాగా చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. అసలు సంగతి ఆ తర్వాతిది. ఎదుటివాడు ఆ చేతుల్ని విదిలించి కొట్టి, భుజం కిందికి వంచి పక్కనుంచి దూరుతాడు. మన టాకిల్ ఓడిపోయినట్టే. ఆ అర సెకనులో ఏం చేశాడు? నడుము తిప్పి, ఇంకో అడుగు వేసి, అతన్ని క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి దూరంగా నెట్టుకుంటూ పోయాడా? లేక చెయ్యి చాచి మెడ పట్టుకున్నాడా? ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎంత గొప్పవాడైనా మ్యాచ్‌కి కొన్నిసార్లు ఓడిపోతాడు. కాబట్టి నేను వెతికేది ఓడిన ఆటలనే. ఒక ఆటగాణ్ణి తూచాలంటే అతను గెలిచిన 50 ఆటలకంటే ఓడిన ఐదు ఆటలు నాకు ఎక్కువ చెబుతాయి.

రిమోట్ ఉంది కదా, ఒకే ఆటని మూడుసార్లు వెనక్కి తిప్పండి. మొదటిసారి పాదాలు, రెండోసారి చేతులు, మూడోసారి తల. తల ఎందుకంటే, ఎదుటివాళ్ళిద్దరూ అడ్డంగా చోట్లు మార్చుకుంటూ దూసుకొచ్చినప్పుడు తన మనిషిని పక్క గార్డ్‌కి అప్పగించి కొత్తవాణ్ణి అందుకోవాలి. తల ఒకవైపే తిరిగి ఉండిపోయిందంటే పిల్లాడికి ఇంకా ఆట అందలేదని.

ఎదుటివాళ్ళను నేలకేసి కొడుతున్న వీడియో చూశాను. వీడు ఖాయంగా పైకి వెళ్తాడు కదా?

ఆ దెబ్బని పాన్‌కేక్ అంటారు. చూడ్డానికి భలే ఉంటుంది. ఒక ఏడు నేనూ అలాగే మోసపోయాను. ఒక టాకిల్ ఒకే మ్యాచ్‌లో పదకొండు మందిని పడేసిన క్లిప్పులు కూర్చి అందరికీ చూపించి, వీడు మొదటి రౌండ్ అని బిర్యానీ పందెం కట్టాను. ఆ మ్యాచ్ సెప్టెంబర్‌లో, పెద్ద కాలేజీ డబ్బిచ్చి పిలిపించుకున్న చిన్న జట్టుతో ఆడింది. డిసెంబర్‌లో అతని ముందు నిజంగా వేగం ఉన్నవాడు నిలబడ్డాడు. మొదటి అర్ధభాగంలోనే మూడుసార్లు చుట్టూ తిరిగిపోయాడు, మావాడు గాలిని గుద్దాడు. బిర్యానీ నేనే తెప్పించాను.

పాన్‌కేక్‌లో కసి, బలం తెలుస్తాయి, అవి అక్కర్లేవని కాదు. కానీ ఎవర్ని పడేశాడో చూడండి. ఒరిగిపోతున్నవాడి మీద బరువేసి పడితే అదీ పాన్‌కేకే, నిలదొక్కుకున్నవాణ్ణి ఐదు గజాలు తోసుకుపోయి పడేస్తే అదీ పాన్‌కేకే.

పెద్ద పేరున్న జట్టు, ఏడాదంతా శాక్‌లే ఇవ్వలేదు. ఇంకేం కావాలి?

అతని చేత ఏ పని చేయించారో చూడాలి. కాలేజీ జట్లు చాలావరకు బంతిని ఒకటిన్నర సెకన్లలో వదిలేసే ఆటలు ఆడతాయి. అంత తక్కువసేపు ఎవరైనా ఆపగలరు. పైగా బంతి విసిరే పాస్ ఆటలో లైన్‌మన్ కాలేజీలో 3 గజాల దాకా ముందుకెళ్ళవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. అందుకే రన్నో పాసో చివరి క్షణం దాకా తేల్చని ఆటలు కాలేజీలో అంతగా సాగుతాయి. వాటిలో లైన్‌మన్ రన్ ఆట అనుకునే ముందుకు తోస్తాడు, వెనక్కి జారుతూ ఒంటరిగా నిలబడాల్సిన పనే పడదు.

వాషింగ్టన్ స్టేట్ సంగతి ఇంకో రకం. మైక్ లీచ్ కోచ్‌గా ఉన్నప్పుడు అక్కడ ఎప్పుడూ బంతి విసరడమే. లెఫ్ట్ టాకిల్ ఆండ్రే డిల్లార్డ్ పాస్ ఆపడంలో మెరిశాడు, పాదాలు కూడా చక్కనివి, కానీ రన్ ఆటలో చూడటానికి సరుకే తక్కువ. 2019లో ఈగిల్స్ ఇంకో జట్టుతో బేరమాడి, డ్రాఫ్ట్ వరసలో పైకి జరిగి మరీ 22వ ఎంపికగా తీసుకున్నారు. బరువుతో గుండెలమీదికి తోసుకొచ్చేవాళ్ళ ముందు ఇబ్బంది పడ్డాడు, 2020లో చేతి కండరం తెగింది, 2021 శిబిరంలో లెఫ్ట్ టాకిల్ చోటు ఏడో రౌండ్‌లో వచ్చిన జోర్డన్ మైలాటాకి పోయింది.

కాబట్టి శాక్‌ల లెక్క పక్కన పెట్టి, మూడో డౌన్‌లో క్వార్టర్‌బ్యాక్ ఏడడుగులు వెనక్కి వెళ్ళి నిలబడిన ఆటలు మాత్రం ఏరుకుని చూడండి. మ్యాచ్‌కి ఆరేడు దొరికితే చాలు.

ఊరూ పేరూ లేని కాలేజీలో ఆడేవాడికి ఛాన్స్ ఉందా?

ఉంది, కానీ తన స్థాయిలో అందర్నీ చితగ్గొట్టాలి. అక్కడ సమానంగా ఆడితే లెక్కలోకి రాడు. క్విన్ మైనర్జ్ కాలేజీ ఆటలో కింది అంచె అయిన డివిజన్ 3లో, విస్కాన్సిన్-వైట్‌వాటర్‌లో ఆడాడు. కోవిడ్ వల్ల 2020 సీజనే జరగలేదు. 2021 జనవరిలో, డ్రాఫ్ట్‌కి వెళ్ళే కాలేజీ ఆటగాళ్ళను స్కౌట్లు చూసే సీనియర్ బౌల్‌కి వచ్చి, చొక్కా కిందనుంచి బొజ్జ కనబడుతుండగా పెద్ద కాలేజీల కుర్రాళ్ళను తోసిపారేశాడు. బ్రాంకోస్ మూడో రౌండ్‌లో తీసుకున్నారు, 2024లో ఆల్-ప్రో (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జాబితా) మొదటి జట్టులో గార్డ్ అతను. 2013లో మొత్తం డ్రాఫ్ట్‌కే మొదటివాడైన ఎరిక్ ఫిషర్ కూడా సెంట్రల్ మిషిగన్‌వాడే.

మూడేళ్ళు కాగానే డ్రాఫ్ట్‌కి వెళ్ళిపోవాలా, ఇంకో ఏడు ఆగాలా?

హైస్కూల్ అయ్యాక మూడేళ్ళు దాటితే డ్రాఫ్ట్‌కి వెళ్ళే హక్కు వస్తుంది. ముందే వెళ్ళాలనుకునేవాళ్ళకు ఎన్‌ఎఫ్‌ఎల్ సలహా కమిటీ ఒకటి ఉంది, అది చెప్పేది మూడే మాటలు: మొదటి రౌండ్, రెండో రౌండ్, లేదా కాలేజీలోనే ఉండు. మూడోది వస్తే ఉండిపోవడమే మేలని నా అభిప్రాయం. లైన్‌మన్ చేతిపని మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది, ఒళ్ళు గట్టిపడటానికీ టైం పడుతుంది. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు, ఫోటో వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చు కాబట్టి ఇంటి అవసరాల ఒత్తిడి కూడా మునుపంత లేదు. పెన్ స్టేట్ టాకిల్ ఓలు ఫషాను 2022 తర్వాత వెళ్ళే వీలున్నా ఆగాడు, 2024లో 11వ ఎంపికగా జెట్స్‌కి వెళ్ళాడు.

## సీజన్ అయ్యాక, కొలతల కాలం

చేతుల పొడవు అర అంగుళం తగ్గితే అంత రాద్ధాంతం ఎందుకు?

ముందు ఎవరి చెయ్యి తగిలితే వాడిదే పైచేయి, అక్షరాలా. పొడుగు చేతులవాడు ఎదుటివాణ్ణి తన ఒంటికి దూరంగా ఉంచగలడు, ఒకసారి తప్పినా రెండోసారి అందుకోగలడు. అందుకే టాకిల్‌కి 33, వీలైతే 34 అంగుళాలు ఉండాలని జట్లు గీత గీసుకుంటాయి. 2025లో లూసియానా స్టేట్ టాకిల్ విల్ క్యాంప్‌బెల్ చేతులు, డ్రాఫ్ట్ ముందు కొలతలు, పరీక్షలు జరిపే కంబైన్‌లో 33కి కాస్త తక్కువ, కాలేజీలో కొలిస్తే సరిగ్గా 33. ఆ తేడా మీద రెండు నెలలు వాదించుకున్నారు. చివరికి పేట్రియట్స్ 4వ ఎంపికగా తీసుకున్నారు.

నేను ఈ గీతని పూర్తిగా నమ్మను. జో థామస్ చేతులు 32.5 అంగుళాలే. 2007లో బ్రౌన్స్ 3వ ఎంపిక, వరసగా 10,363 స్నాప్‌లు (బంతి కదిలిన ఆటలు) ఒక్కటీ వదలకుండా ఆడాడు, 2023లో ఆల్‌టైమ్ మేటివాళ్ళ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు. డ్రాఫ్ట్ రోజున స్టేజీ మీదికి రాకుండా నాన్నతో చేపలు పట్టడానికి పోయిన మనిషి. అయితే థామస్ లాంటి పాదాలు ఎంతమందికుంటాయి? పొట్టి చేతులవాడు కనబడితే పాదాలకు ఇంకో పది మార్కుల కష్టమైన పరీక్ష పెట్టండి.

140 కిలోల మనిషి చేత 40 గజాల పరుగు ఎందుకు తీయిస్తారు? ఆటలో అంత దూరం పరిగెత్తడు కదా!

నిజమే, అందుకే అందులో మొదటి 10 గజాల టైం చూస్తారు. 1.7, 1.8 సెకన్ల మధ్య వస్తే పెద్ద శరీరానికి బాగున్నట్టు. ఇండియానాపోలిస్ కంబైన్‌లో పరుగుతో పాటు ఎగరడం, దూకడం, మలుపులు తిరగడం, 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తుతాడన్నదీ ఉంటాయి. 2020లో అయోవా టాకిల్ ట్రిస్టన్ వర్ఫ్స్ 320 పౌండ్ల ఒంటితో 4.85 సెకన్లలో పరిగెత్తి, 36.5 అంగుళాలు ఎగిరాడు. అతని ఆటలోనూ ఆ చురుకు కనబడింది కాబట్టి సరిపోయింది.

ఆటకీ అంకెకీ పొంతన కుదరనప్పుడే చిక్కు. 2018లో ఓక్లహోమా టాకిల్ ఓర్లాండో బ్రౌన్ జూనియర్ 5.85 సెకన్లు తీసుకున్నాడు, బరువు 14 సార్లే ఎత్తాడు. నవ్వారు జనం. మొదటి రౌండ్ అనుకున్నవాడు మూడో రౌండ్‌కి జారి 83వ ఎంపికగా రేవెన్స్ చేతికి చిక్కాడు, తర్వాత ఏటా మేటి ఆటగాళ్ళకు దక్కే ప్రో బౌల్‌కి నాలుగుసార్లు ఎంపికయ్యాడు. 35 అంగుళాల చేతులు, కాలేజీ ఆట, రెండూ కళ్ళముందే ఉన్నాయి.

దీనికి తిరగబడ్డ కథ టోనీ మాండరిచ్‌ది. మిషిగన్ స్టేట్ టాకిల్, ఒళ్ళు చూసి దేశమంతా నోరెళ్ళబెట్టింది. 1989లో ప్యాకర్స్ 2వ ఎంపికగా తీసుకున్నారు. ఆ ఏడు 1, 3, 4, 5 స్థానాల్లో పోయిన ట్రాయ్ ఐక్‌మన్, బ్యారీ శాండర్స్, డెరిక్ థామస్, డియాన్ శాండర్స్ నలుగురూ హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరారు. మాండరిచ్ తేలిపోయాడు. కాలేజీలో స్టెరాయిడ్స్ వాడానని ఏళ్ళ తర్వాత తనే ఒప్పుకున్నాడు.

సీనియర్ బౌల్ ప్రాక్టీస్‌లో ఒకడు చిత్తుగా ఓడిపోయాడు. పనైపోయినట్టేనా?

కంగారుపడకండి. అలబామాలోని మొబైల్‌లో జరిగే ఆ ఒకరితో ఒకరి పోరులో లైన్‌మన్‌కే నష్టం ఎక్కువ. పక్కన గార్డ్ సాయం ఉండదు, దూసుకొచ్చేవాడికి మైదానమంతా ఖాళీ. మంగళవారం ఏ ఎత్తుకి ఓడాడో, గురువారం అదే ఎత్తుకి మళ్ళీ ఓడాడా? నాకు కావలసింది అదొక్కటే. నేర్చుకునేవాడు రెండు రోజుల్లోనే తెలిసిపోతాడు.

ఆరోగ్య సమస్య, పాత గొడవ బయటపడితే ఎంత నష్టం?

చాలా. టెనెసీ గార్డ్ ట్రే స్మిత్‌కి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కట్టాయి. ఆటలో వంక లేకపోయినా 2021లో ఆరో రౌండ్ 226వ ఎంపిక దాకా ఎవరూ ముట్టుకోలేదు. చీఫ్స్ తీసుకున్నారు, మొదటి ఏడాది నుంచే ఆడించారు, సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, రెండుసార్లు గెలిచాడు. 2025లో నాలుగేళ్ళకు 94 మిలియన్ డాలర్ల ఒప్పందం. ఇలాంటి విషయాల్లో ఇంట్లో కూర్చున్న మనం ఊహాగానాలు చెయ్యకపోవడమే మంచిది, మెడికల్ రిపోర్టు చూసేది జట్టు డాక్టర్లు.

## డ్రాఫ్ట్, ఆ తర్వాత

కాలేజీలో టాకిల్, ఇప్పుడు గార్డ్‌గా ఆడించాలంటున్నారు. తగ్గించినట్టా?

వెల కొంచెం తగ్గుతుంది, బతుకు చాలాసార్లు బాగుపడుతుంది. లోపలివైపు ఇద్దరి మధ్య ఉంటాడు కాబట్టి చేతుల పొడవు అంత పట్టింపు కాదు. నోటర్‌డామ్ లెఫ్ట్ టాకిల్ జాక్ మార్టిన్‌ని 2014లో కౌబాయ్స్ 16వ ఎంపికగా తీసుకుని రైట్ గార్డ్‌లో నిలబెట్టారు. ఆ ఏడు అందరూ క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జెల్ వస్తాడనుకున్నారు, ఇక్కడ డాలస్‌లో కొందరు మూతి ముడిచారు కూడా. మార్టిన్ తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు.

మొదటి రౌండ్‌లో పేరు రాకపోతే అంతేనా?

కాదు. జేసన్ కెల్సీ సిన్సినాటి కాలేజీకి స్కాలర్‌షిప్ లేకుండా చేరి, డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్‌గా కూడా ఆడి, లైన్‌లోకి మారాడు. బరువు తక్కువన్నారు, 2011లో 191వ ఎంపిక. 13 సీజన్లు ఈగిల్స్ సెంటర్‌గా ఆడాడు. జేసన్ పీటర్స్‌ని 2004లో ఎవరూ ఎంచుకోనే లేదు, అప్పుడతను అర్కన్సా కాలేజీలో టైట్ ఎండ్, అంటే బంతి కూడా పట్టే ఆటగాడు. తర్వాత తొమ్మిదిసార్లు ప్రో బౌల్ టాకిల్. ఇలాంటివాళ్ళు తక్కువే, ఉన్నవాళ్ళందరిలో కనబడేది మాత్రం కదిలే కాళ్ళు.

ఎంపికైనవాడు పనికొచ్చాడో లేదో ఎన్నేళ్ళకి తెలుస్తుంది?

మూడేళ్ళు ఆగండి. మొదటి రౌండ్ ఆటగాడి ఒప్పందం నాలుగేళ్ళు, ఐదో ఏడు కావాలా వద్దా అని జట్టు మూడో సీజన్ తర్వాత తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలోనూ పప్పులో కాలేస్తారు. 2017లో 20వ ఎంపికైన గ్యారెట్ బోల్స్ మొదటి మూడేళ్ళూ హోల్డింగ్ (ఎదుటివాణ్ణి పట్టి లాగడం) పెనాల్టీలతో బ్రాంకోస్ అభిమానుల చేత తిట్లు తిన్నాడు. 2020 మేలో ఐదో ఏడు వద్దన్నారు. అదే సీజన్‌లో ఆల్-ప్రో రెండో జట్టుకి ఎదిగాడు, నవంబర్‌కల్లా అదే జట్టు కొత్త ఒప్పందం పట్టుకొచ్చింది.

మావాడు హైస్కూల్లో లైన్‌లో ఆడుతున్నాడు. బాగా తినిపించి బరువు పెంచమంటారా?

ఇది అమ్మలు అడిగేది. వద్దండీ. నెయ్యి, పప్పన్నం పెట్టండి, పోటీ పెట్టి మాత్రం తినిపించకండి. జో ఆల్ట్ హైస్కూల్లో టైట్ ఎండ్, 2024లో టాకిల్‌గా 5వ ఎంపిక. లేన్ జాన్సన్ జూనియర్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్. ఒళ్ళు తర్వాత కాలేజీలో వచ్చింది, కాళ్ళ చురుకు ముందే ఉంది. వీలైతే కుస్తీలో చేర్పించండి. బరువు ఎటు ఒరుగుతుందో పసిగట్టడం దానంతగా నేర్పే ఆట లేదు. వర్ఫ్స్ అయోవాలో కుస్తీ, షాట్‌పుట్, డిస్కస్ మూడింట్లోనూ రాష్ట్ర విజేత. చదువు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మనవాళ్ళు అది ఎలాగూ మర్చిపోరు.

మన ఇండియా నుంచి ఎవరైనా వెళ్ళగలరా?

భారతీయ సంతతివాళ్ళు ఇప్పటికే వెళ్ళారు. ఫిజీలో పుట్టి కెనడాలో పెరిగిన బాబీ సింగ్ గార్డ్‌గా సెయింట్ లూయిస్ రామ్స్‌లో ఉన్నాడు. బయటి దేశాలవాళ్ళకోసం ఎన్‌ఎఫ్‌ఎల్ 2017లో ఇంటర్నేషనల్ ప్లేయర్ పాత్‌వే అని ఒక దారి తెరిచింది. జోర్డన్ మైలాటా ఆ దారినే వచ్చాడు. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడుకునే కుర్రాడు, ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే 2018లో 233వ ఎంపికగా ఈగిల్స్‌కి చేరాడు. కోచ్ జెఫ్ స్టౌట్‌లండ్ అతనికి నిలబడే తీరు దగ్గర్నుంచి నేర్పించాడు. సీజన్ మ్యాచ్‌లో మొదటిసారి మైదానంలోకి దిగింది 2020లో.